అప్పలమ్మ కోసం డర్బన్‌లో ఆరు రోజులు

అప్పలమ్మ మా నాయనమ్మకి మేనత్త. మొగుడు పోయాక ఎవరికీ చెప్పకుండా మద్రాసు వెళ్లి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి ఓడెక్కేసిందని ఇంట్లో చెప్పుకునేవారు. తర్వాత ఉత్తరం ముక్క కూడా లేదు. ఆవిడ జాడ వెతకడానికే మొన్న అక్కడికి వెళ్లొచ్చాను.

డర్బన్‌లో ముందు డెర్బీ స్ట్రీట్‌లోని 1860 హెరిటేజ్ సెంటర్ చూశాను. మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో మొదటి ఓడ ట్రూరో వచ్చింది ఆ ఏడాది నవంబర్ 16న. కూలీల బతుకు ఎలా ఉండేదో తెలియాలంటే అక్కడికి వెళ్లాలి, పూట చాలు. ఒక మనిషిని వెతకాలంటే మాత్రం డర్బన్ పక్కనే ఉన్న వెస్ట్‌విల్‌లో యూనివర్సిటీవాళ్ల గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్‌కే రెండు మూడు రోజులు కేటాయించండి. 1911 దాకా వచ్చిన లక్షా 52 వేల మంది వివరాలు ఓడల జాబితాల్లో ఉన్నాయి.

నేను మొదటి రోజంతా పేరుతోనే వెతికి నీరసపడ్డాను. మా విశాఖ వైపు ఇంటికో అప్పలమ్మ! పైగా గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసేశాడు. అప్పుడు తండ్రి పేరు, జిల్లా, ఊరు, ఒంటి మీద గుర్తులు ఉన్న గడులు పట్టుకున్నాను. మేనత్తకి ఎడమ ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉండేదని నాయనమ్మ చెప్పేది. మూడో రోజు మధ్యాహ్నం దొరికింది. వయసు 22. ఊరి పేరు సగం తప్పు. తండ్రి పేరు మా నాయనమ్మ తాతదే. గుర్తుల గడిలో ‘ఎడమ ముంజేతిపై పచ్చబొట్టు’. ఆ గడి మీద నుంచి వేలు తియ్యబుద్ధి కాలేదు.

మర్నాడు 80 కిలోమీటర్ల దూరంలోని పీటర్‌మారిట్స్‌బర్గ్ ఆర్కైవ్స్‌కి వెళ్లాను. వలస కూలీల వ్యవహారాలు చూసిన ప్రొటెక్టర్ ఆఫీసు ఫైళ్లు అక్కడున్నాయి. అప్పలమ్మ వాటిలో కనబడలేదు. కానీ కొట్టారని, జీతం ఇవ్వలేదని ఇతర ఆడవాళ్లు చెప్పుకున్న ఫిర్యాదులు, కింద సంతకానికి బదులు ఇంటూ గుర్తులు చూసి చాలాసేపు లేవలేకపోయాను. ఆ ఒక్క రోజు కోసమైనా అంత దూరం వెళ్లొచ్చు.

బస విషయంలో పొరపాటు చేశాను. బీచ్ పక్కన తీసుకున్న గది బాగానే ఉంది గానీ, ఎయిర్‌పోర్టుకి కారు పంపుతామన్నవాళ్లు పంపలేదు. రాత్రిపూట రెండు గంటలు ఒక్కదాన్నే టెన్షన్‌తో నిలబడ్డాను. పైగా వెస్ట్‌విల్‌కి రోజూ క్యాబ్ ఖర్చు. మూడో రోజు అక్కడికే మారాను, ప్రాణం హాయిగా ఉంది. మీరు మొదటి నుంచీ వెస్ట్‌విల్‌లోనే దిగండి.

ఇంటికొచ్చి జెరాక్స్ నాన్న చేతిలో పెట్టాను. తన ముత్తాత పేరు రెండుసార్లు పైకి చదివారు. తర్వాత అప్పలమ్మ పేరు.