‘కొత్త రిగ్గింగ్’ మాస్ట్ జోలికి పోకండి, ముందు టేపు విప్పి చూడండి

హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు నడిపేవాళ్లే కదా ఇక్కడున్నది, పేరు రాయకపోయినా ఎవరో అర్థమైపోతుంది. పాత ఎంటర్‌ప్రైజ్ (ఇద్దరు నడిపే చిన్న తెరచాప పడవ) మాస్ట్, అంటే తెరచాప నిలిపే స్తంభం, దాన్ని పట్టి ఉంచే తీగలతో (అదే రిగ్గింగ్) సహా, "మొన్ననే కొత్త రిగ్గింగ్ ఏయించిన" అని అమ్మకానికి ఫొటోలు పెట్టారే, ఆయనే. 18 వేలు పోశాను. తీగలు తళతళా మెరుస్తున్నాయి. చివర్లకు మాత్రం పెళ్లికూతురి కాళ్లకు పారాణి పెట్టినంత శ్రద్ధగా తెల్ల టేపు చుట్టి ఉంది.

టేపు విప్పి చూస్తానంటే, "విప్పితే నీళ్లు పోతయ్ సార్, వైర్ ఖరాబయితది" అన్నాడు పెద్దమనిషి. ఖరాబయ్యేదే ఆ టేపు వల్ల! స్టెయిన్‌లెస్ స్టీలును తుప్పు నుంచి కాపాడేది పైనున్న సన్నటి ఆక్సైడ్ పొర. అది నిలవాలంటే గాలి తగలాలి. టేపు కింద నీళ్లు చేరి గాలి ఆడకపోతే తుప్పు లోలోపలే తినేస్తుంది. ఇంటికొచ్చి బ్లేడుతో కోస్తే గోధుమరంగు మరక, దాని కింద ఎడమ ష్రౌడ్‌లో (మాస్ట్‌ను పక్క నుంచి పట్టి ఉంచే తీగ) రెండు పోగులు తెగి ముళ్లలా లేచి ఉన్నాయి, సరిగ్గా ఫెర్రుల్ (తీగ చివర నొక్కి బిగించే లోహపు గొట్టం) నోటి దగ్గర. తీగ ఊగుతుంది, ఫెర్రుల్ ఊగదు. ఆ ఊపంతా అక్కడే పడుతుంది కాబట్టి తెగడం మొదలయ్యేదీ అక్కడే. 19 పోగుల్లో రెండే పోయాయిగా అనుకోవద్దు. మిగతావీ అన్నే ఊపులు తిన్నాయి, పైగా ఇప్పుడు పోయినవాటి బరువు కూడా మోయాలి. ఒక్క పోగు తెగినా తీగ మార్చాల్సిందే, అదీ రెండు ష్రౌడ్‌లూ కలిపి.

ఇక మాస్ట్ కొన. కప్పీ వేలితో తిప్పితే కదల్లేదు, గాడి ఒక పక్కకు అరిగిపోయి ఉంది. కప్పీకీ పక్క రేకుకూ మధ్య సందు పెరిగితే హాల్‌యార్డ్ (తెరచాపను ఎత్తే తాడు) అందులో దూరి ఇరుక్కుంటుంది. ఈదురుగాలి లేచినప్పుడు ఎంత లాగినా తెరచాప దిగదు. కప్పీ ఇరుసుకు స్ప్లిట్ పిన్ (జారిపోకుండా గుచ్చే రెండు కాళ్ల పిన్ను) ఉండాల్సిన చోట ఏముందనుకున్నారు? సెంట్రింగ్ వాళ్లు కడ్డీలు కట్టే బైండింగ్ వైరు!

ఫోన్ చేస్తే వచ్చిన జవాబు వినండి. "సూస్కొనే తీస్కున్నవ్ గదా భయ్యా. రాణిగంజ్‌ల రెండొందలకు వైర్ దొరుకుతది, గింత లొల్లెందుకు?" డబ్బులు అందేదాకా సార్, అందాక భయ్యా. ఆ రెండొందలకు దొరికేది బరువులు ఎత్తే జీఐ (జింకు పూత ఇనుప తీగల) తాడు మహాప్రభో! మెత్తగా వంగడానికే అల్లింది, లాగితే సాగుతుంది. ష్రౌడ్‌కు కావాల్సింది 19 పోగుల గట్టి స్టెయిన్‌లెస్ తీగ, 316 రకం. ఈయన మాత్రం ఆ జీఐ తాడుకే యూ-క్లాంపులు బిగించి ఇంకొకరికి ‘కొత్త రిగ్గింగ్’ అని అంటగడతాడు కాబోలు.

కొనేవాళ్లు మాస్ట్‌ను బల్లల మీద పడుకోబెట్టించండి. తీగ పొడవునా దూదితో తుడవండి, పోగు తెగినచోట దూది పట్టుకుంటుంది. ఒట్టి చేత్తో తడిమారో, సూదిలా దిగుతుంది. రివెట్ల చుట్టూ తెల్లపొడి కనిపిస్తే అక్కడ అల్యూమినియం తరిగిపోతోందని లెక్క. మళ్లీ కొట్టిస్తే మోనెల్ (నికెల్, రాగి కలిపిన లోహం) రివెట్లే అడగండి. స్ప్లిట్ పిన్నులు ఒకసారి తీసినవి మళ్లీ వాడొద్దు. కాళ్లు కొంచెం విప్పితే చాలు, పూర్తిగా వెనక్కి మడిస్తే విప్పేటప్పుడు విరిగి కూర్చుంటాయి. టేపు విప్పనివ్వనంటే బేరం అక్కడే ఆపేయండి.