మిద్దె మీది పచ్చ నెట్టు: మూడు ఎండాకాలాలు వాడినాక

అనంతపురం పాతూరులో మాది పాత మిద్దె. కింద నా కుట్టుమిషను, పైన 40 కుండీలు. ఎండకు ఆ కుండీల మీద నీడకు కట్టే పచ్చ నెట్లు మూడు ఎండాకాలాల్లో రెండు కొన్నాను. మొదటిదానికి సున్న మార్కులు. రెండోదానికి ఐదుకు నాలుగు.

మొదటిది టౌన్లో ఒక కొట్టులో మీటరు 60 రూపాయలని తెచ్చినాను. కొట్టు పేరెందుకులే. మార్చిలో కట్టినాము. దీపావళికి విప్పుదామని చెయ్యేస్తే అప్పడం మాదిరి విరిగింది. పచ్చపొట్టు కుండీల నిండా రాలింది. ఇప్పటికీ మల్లె కుండీ తవ్వితే రెండు ముక్కలు బయటపడతాయి. ఎండకు తట్టుకునే యూవీ మందు కలపని ప్లాస్టిక్కు బతుకు అంతే.

ఇరవై ఏండ్లుగా బ్లౌజులు కుట్టేదాన్ని, బట్ట పట్టి చూడకుండా కొన్నందుకు నాకే సిగ్గేసింది. రెండోసారి దారం చూసినాను. ఒక రకంలో దారం రిబ్బను మాదిరి పలచగా, చదునుగా ఉంటుంది. ఇంకో రకంలో గాలం దారం మాదిరి గుండ్రంగా ఉంటుంది. గుండ్రం దారానిది ధర ఎక్కువ, గట్టితనమూ ఎక్కువే. 3 మీటర్ల పన్నలో 5 మీటర్లు తెచ్చినాను, మీటరు 110. ఇది నేత కాదు, అల్లిక. అందుకే ఎక్కడ కత్తెర వేసినా పోగు లేచి రాలేదు. అంచుకు పాత చీర బార్డరు రెండు మడతలేసి కుట్టినాను. 16 నంబరు సూది టక్కున విరిగింది, 18 వేసినాక దిగింది. ఫ్లెక్సీలు కొట్టే అంగట్లో అడుగున్నరకు ఒక రింగు కొట్టించినాను.

నెట్టు మీద శాతం ఉంటుంది కదా, 50 అంటే సగం ఎండ ఆపుతుందని లెక్క. కొట్టాయన "మన ఎండకు 90 వెయ్యమ్మా" అని ఒకటే పోరు. మోటారు సైకిలు నిలబెట్టుకోవడానికైతే 90 బాగుంటుంది. పూలకు 50 చాలు.

నెట్టు కట్టినరోజు మా అత్త మెట్లెక్కి వచ్చి, "ఏమే, చెట్లకు పైట కప్పినావా?" అనింది. నవ్వినాను గానీ, నెల తిరిగేసరికి ఆమె మాటే నిజమైంది. కుండీలన్నీ తెచ్చి నెట్టు కిందే పెట్టేసినాను కదా, మల్లె ఆకు నిగనిగలాడుతోంది, మొగ్గ మాత్రం అంతంతే. సంక్రాంతి అయినాక ఆకు దూసి, కొమ్మ కత్తిరించి, చెనిక్కాయ చెక్క నానబెట్టిన నీళ్ళు పోసి ఇంత చేస్తే ఏప్రిల్లో రోజుకు పది పూలు. మల్లెకు పూటంతా ఎండ పడాల్సిందే. కుండీలు బయటికి జరిపినాక మూడు వారాలకు మొగ్గ పట్టింది. గడ్డి గులాబీలదీ అదే కథ. నీడలో ఉన్నన్నాళ్ళూ మూతి ముడుచుకొనే కూర్చున్నాయి. బిళ్ళగన్నేరును కూడా ఎండకే వదిలేసినాను. దానికి నీళ్ళు ఎక్కువైతేనే వేరు కుళ్ళుతుంది.

నెట్టు కింద అసలు లాభం కనకాంబరానికీ మరువానికీ. ముందు ఏడాదుల్లో మే నెలకు మరువం ఎండి, నలిపితే పొడి అయ్యేది. ఈ రెండేండ్లూ జూన్ దాకా పచ్చగా ఉంది. కనకాంబరం ఆకు అంచులు మాడలేదు, వెన్ను పొడుగ్గా సాగింది. పొద్దున బయటి మల్లెలు, లోపలి కనకాంబరాలు, రెండు మరువం రెబ్బలు కలిపి మూర కడితే అత్త మళ్ళీ పైట మాట ఎత్తలేదు. ఎండిన కనకాంబరం వెన్నులు పారేయొద్దు. తడి తగిలితే కాయ చిటపటమని పగిలి గింజ ఎగిరి పడుతుంది. నేను వాటిని మూత ఉన్న డబ్బాలో వేసి నాలుగు చుక్కలు నీళ్ళు చల్లుతాను, గింజలన్నీ లోపలే దొరుకుతాయి. ఎదురింటి వదినకు ఇచ్చినవి మొలిచినాయి, బదులుగా ఆమె ముద్దనందివర్ధనం కొమ్మ ఇచ్చింది.

నెట్టు వేసినాము కదా అని నీళ్ళు తగ్గిస్తే మాత్రం మోసపోతారు. కింద గాలి వేడిగానే ఉంటుంది. నా కుండీలను కాపాడింది సగం నెట్టు, సగం చెనిక్కాయ పొట్టు. మిల్లు నుంచి ఒక గోతాం తెచ్చి మన్ను మీద రెండు వేళ్ళ మందం పరిచినాను. పొద్దున పోసిన తడి సాయంత్రం దాకా ఉంటోంది. ఫిల్టరు మిషను నుంచి వదిలేసే నీళ్ళు మాత్రం పొయ్యొద్దు. అందులో ఉప్పంతా చేరి, కుండీ అంచున తెల్లగా పేరుకుంటుంది, ఆకు పసుపు తిరుగుతుంది. నేను ఒక ఏడాది పోసి రెండు గులాబీలు పోగొట్టుకున్నాను.

ఇక ఆ తగ్గిన మార్కు. ఆషాఢం గాలికి ఒక మూల చిరిగింది. మా వైపు రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. తప్పు సగం నాదే, తాడుతో బిర్రుగా కట్టినాను. ఇప్పుడు పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి కట్టినాను. గాలి లాగితే సాగుతాయి, వదిలితే దగ్గరికొస్తాయి. ఎత్తు కూడా 5 అడుగుల నుంచి 7 అడుగులకు పెంచినాము. కిందికి కడితే వేడి పోయే దారే ఉండదు. మిగిలిన గుడ్డ పడమటి పక్కన తెర మాదిరి వేలాడదీసినాను. సాయంత్రం 4 గంటల ఎండే మరువాన్ని చంపేది, నడినెత్తి ఎండ కాదు.

ఈ మధ్య బ్లౌజు కొలతలకొచ్చినోళ్ళు సంచిలో నెట్టు కూడా తెస్తున్నారు. అంచు కుట్టి ఇయ్యడానికి అడుగుకు 10 రూపాయలు. బాగా వేరు పట్టిన దవనం మొక్క తెస్తే డబ్బులు అడగను, నా దగ్గర అది ఇంకా లేదు.