మొదటి పాత వేట రైఫిల్: వించెస్టర్ 94, మోడల్ 70, సావేజ్ 99... ఏది మేలు?

అమెరికాలో స్థిరపడి పాత వేట రైఫిళ్ల మీద మనసు పడ్డ మనవాళ్లు నన్ను అడిగేది ఇదే: మొదట ఏది కొనాలి? దానికంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లను ఫెడరల్ చట్టం తుపాకీ ఉంచుకోనివ్వదు. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. అది లాయరుతో తేల్చుకున్నాకే మిగతా మాట.

వించెస్టర్ కంపెనీ రైఫిళ్లకు (మోడల్ 94, మోడల్ 70 రెండూ దానివే) 1964 ఒక సరిహద్దు రాయి. ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ ఆ ఏడాది తయారీ పద్ధతులు మార్చేసింది. అందుకే అంతకు ముందువాటిని 'ప్రీ-64' అంటూ వెతుక్కుంటారు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. సీరియల్ నంబరు మోడల్ 94కైతే 27 లక్షలకు, మోడల్ 70కైతే 7 లక్షలకు లోపు ఉండాలి.

మోడల్ 70 అమ్మకానికొచ్చింది 1937లో. జర్మన్ మౌజర్ రైఫిల్ తరహా పెద్ద కొక్కెం తూటాను మొదటినుంచీ పట్టుకుని, అది పేలే గది అయిన ఛాంబర్‌లోకి చేరుస్తుంది. 1964లో ఆ కొక్కేన్నే తీసేశారు. మూడింటిలో డబ్బు నిలబడేది దీనిమీదే, మోసపోయేదీ దీనితోనే. నేనూ పొరపడ్డాను. ఒక దుకాణంలో నల్లగా నిగనిగలాడుతుంటే మురిసిపోయి కొన్నాను. ఇంటికొచ్చి భూతద్దం పెడితే బ్యారెల్ మీది అక్షరాల అంచులు కరిగినట్టున్నాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం పళ్లెంలా గుంటపడింది. ఎవరో చక్రం మీద పాలిష్ పట్టి కొత్తగా బ్లూయింగ్ (తుప్పు పట్టకుండా వేసే నల్లపూత) వేయించారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే: తుప్పు పోయింది, దాంతోపాటే విలువా పోయింది. సన్నగా అరిగిన అసలు పూత, మెరిసే కొత్త పూత కంటే ఎంతో మేలు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైనవాటిలో టెలిస్కోప్ కోసం తర్వాత తొలిచిన రంధ్రాలు, భుజానికి ఆనే రబ్బరు ప్యాడ్ కోసం కోసేసిన స్టాక్ (వెనకభాగపు చెక్క) కూడా ధరను పడగొడతాయి.

మోడల్ 94ను రూపొందించినవాడు జాన్ బ్రౌనింగ్. థర్టీ-థర్టీ తూటాతో తెల్లతోక జింకల వేటకు ఇంటింటి రైఫిల్ అయింది. అన్ని కాలాలవీ కలిపి 70 లక్షలకు పైగా తయారయ్యాయి. నేర్చుకునేవాడికి ఇదే వరం. ఒక్క గన్ షోలోనే (తుపాకుల సంతలోనే) ఇరవై చూడొచ్చు, ఖాళీగా ఉందని నిర్ధారించుకుని చేతిలోకి తీసుకోవచ్చు, పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. కన్ను పదునెక్కేది అలాగే. తప్పనిసరిగా చూడాల్సింది బ్యారెల్ మూతి. దీన్ని వెనకనుంచి శుభ్రం చేయడం కుదరదు కాబట్టి తరాల తరబడి కడ్డీని ముందునుంచే దూర్చారు. తూటాను తిప్పే లోపలి మెలి గాడులు అక్కడే అరుగుతాయి. సీరియల్ నంబరు మూడున్నర లక్షల లోపుదైతే వయొమింగ్‌లోని కోడీ మ్యూజియం ఫ్యాక్టరీ రికార్డు చూసి, అది ఏ రూపంలో బయటికొచ్చిందో ఉత్తరం ఇస్తుంది. అంతటి సాక్ష్యం చేతిలో ఉంటే అమ్మేవాడి కథలతో పని లేదు.

ఇక సావేజ్ 99. దీని గురించి మాట్లాడితే నాకు ఉత్సాహం ఆగదు. 94లో తూటాలు నిలవుండే గొట్టపు మ్యాగజైన్‌లో ఒక తూటా మొన ముందున్నదాని అడుగున, దెబ్బ తగిలితే రాజుకునే ప్రైమర్‌కు ఆనుకుంటుంది, అందుకే మొన చదునుగా ఉండాలి. ఆర్థర్ సావేజ్ తిరిగే మ్యాగజైన్ పెట్టి ఆ చిక్కే లేకుండా చేశాడు. కింది మీట లాగి తూటా ఎక్కించే లీవర్ రైఫిల్‌లో మొనదేలిన తూటాలు నిశ్చింతగా వాడే వీలొచ్చింది. 1915లో వచ్చిన దీని తూటా ఒకటి సెకనుకు 3000 అడుగుల వేగాన్ని తన పేరులోనే పెట్టుకుంది. పాతవాటిలో ఎడమ పక్క చిన్న కిటికీలో ఇత్తడి మీద అంకె కనిపిస్తుంది, ఎన్ని తూటాలు మిగిలాయో చెబుతుంది. దీనికున్న పెద్ద జబ్బు చెక్కది. యంత్రభాగం ఉండే రిసీవర్ వెనక, స్టాక్ కలిసేచోట బీటలు పడతాయి. చాలామంది జిగురు పూసి కప్పేస్తారు, కాబట్టి గోరుతో తడిమి చూడాలి.

మొదటి రైఫిల్‌కు నా ఓటు ప్రీ-64 మోడల్ 94కే. దానితో రెండేళ్లు గడిపాక మోడల్ 70 వైపు వెళ్లండి. అయితే గన్ షోలో ఇత్తడి అంకె తిరుగుతూ, బీట లేని స్టాక్‌తో, అసలు పూత మిగిలిన సావేజ్ 99 కంటబడితే మాత్రం 94ను పక్కనపెట్టి దాన్నే ఇంటికి తెచ్చుకోండి.