మా డాబా మీది 3 కిలోవాట్ల సోలార్: ఏడాది వాడాక

హనుమకొండలోని మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించి ఏడాది దాటింది. మొత్తం 1,95,000 రూపాయలు ఖర్చు కాగా, పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల రాయితీ బ్యాంకు ఖాతాలో పడింది. బిగించిన సంస్థ ఫ్రేమును గట్టిగానే కట్టింది, కోతుల మంద దూకినా ఇంతవరకు కదలలేదు. అయితే కొంత కేబులును పైపులో పెట్టకుండా బయటే వదిలేయడంతో మొదటి నెలలోనే కోతులు దాన్ని కొరికేశాయి. ఎన్నిసార్లు ఫోన్ చేసినా, బాగుచేసే మనిషి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఉత్పత్తి విషయంలో నాకు ఏ అసంతృప్తీ లేదు. ఎండ బాగా కాసిన రోజు 12 యూనిట్ల దాకా వస్తుంది, ముసురు పట్టిన రోజు అందులో మూడో వంతు వచ్చినా గొప్పే. ఇంట్లో ఉండేది ఇద్దరమే కాబట్టి నెలకు 220 యూనిట్లకు మించి ఖర్చు కాదు. మిట్టమధ్యాహ్నం మీటరు ముందు నిలబడితే, బయటికి వెళ్లిన యూనిట్ల అంకె కళ్లముందే పెరుగుతూ కనిపిస్తుంది. ఆ కరెంటు దూరమేమీ పోదు, అదే లైను మీద దగ్గరలో నడుస్తున్న మోటార్లే దాన్ని వాడేసుకుంటాయి. మా గోడ అవతల పిండి గిర్ని ఉంది. అది నడిపే అక్క ఒకరోజు, "సారూ, గా మీది కరెంటు మాకే ఇయ్యరాదుండ్రి, పైసలు మీకే కడ్త" అన్నది.

అడిగింది న్యాయమే కానీ, గోడ మీదుగా వైరు లాగి కరెంటు అమ్ముకోవడానికి వీల్లేదు, 2003 విద్యుత్ చట్టం ప్రకారం పంపిణీకి లైసెన్సు ఉండాలి. పగలు లైనులోకి వెళ్లిన నా మిగులు యూనిట్లు, రాత్రి లైను నుంచి వాడుకున్నవాటితో బిల్లులో సర్దుబాటైపోతాయి, అప్పటికీ మిగిలినవాటికి విద్యుత్ సంస్థ నుంచి వచ్చే ధర, ఆమె గిర్నికి కట్టే ధర కన్నా తక్కువే. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 2016లోనే ఇరుగుపొరుగు ఇళ్లవారు ఇలా కరెంటు అమ్ముకుని చూశారు, మన దేశంలో లక్నోలో కూడా ప్రయోగాత్మకంగా నడిపారు. అక్కడ కొత్త వైర్లేమీ లాగలేదు, ఉన్న లైన్ల మీదే ఎవరు ఎవరికి ఎన్ని యూనిట్లు ఇచ్చారన్న లెక్క మాత్రమే మారింది.

కొనేవారికి ఎవరూ ముందుగా చెప్పని సంగతి మరొకటి ఉంది. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే, బ్యాటరీ లేని ఈ రకం ఇన్వర్టరు, లైనులో కరెంటు పోగానే, మా కరెంటు లైనులోకి వెళ్లి స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు రాకుండా తానూ ఆగిపోతుంది. మొన్న నిండు ఎండలో రెండు గంటలు కరెంటు లేకపోతే, నెత్తిన 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టుకుని విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నాం.

మళ్లీ కొనవలసి వస్తే 2 కిలోవాట్లతోనే ఆపుతాను. దానికి రాయితీ 60,000, మూడో కిలోవాట్‌కు అదనంగా వచ్చేది 18,000 మాత్రమే. మా వాడకానికి ఆ మూడో కిలోవాట్ దాదాపుగా మిగులుకే పోతోంది, ఆ మిగులును గిర్ని అక్కకు ఇచ్చే దారి ఇంకా లేదు.