ఏడో రాత్రికి మంచు పట్టిన స్లీపింగ్ బ్యాగ్: ఐదు శీతాకాలాల వాడకం తర్వాత

ఈ బ్యాగ్ నా దగ్గరికొచ్చి ఐదు శీతాకాలాలు దాటింది. డైరీ తీసి లెక్క చూసుకుంటే దీంట్లో 90కి పైగా రాత్రులు పడుకున్నాను, అందులో సగానికి పైగా మైనస్‌లోనే. కొలతలు, రంగులు, జిప్పు ఎటువైపు అన్నవన్నీ లేబుల్ మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. అదే లేబుల్ మీద అన్నిటికన్నా పెద్దగా అచ్చేసిన అంకె ఒకటుంది: మైనస్ 28. నేను రాస్తున్నది దాని గురించే. ఆ అంకె మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మొదటి రెండు శీతాకాలాలూ దీన్ని నేను పొగడని రోజు లేదు. బయట మైనస్ 22 ఉన్నా లోపల దూరి, హుడ్ తాడు బిగించి, ఐదు నిమిషాలు కదలకుండా ఉంటే చాలు, అరికాళ్ల దాకా వెచ్చదనం పాకేది. మూటలోంచి తీసి దులపగానే బాతు నూగు ఉబ్బి బ్యాగ్ పరుపంత ఎత్తు లేచేది. ఒక రాత్రయితే చెమట పట్టి జిప్పు సగం దించుకుని పడుకున్నాను. నా మాట విని ఇద్దరు స్నేహితులు ఇదే కొన్నారు కూడా. అప్పుడు చెప్పిందేదీ అబద్ధం కాదు. కాకపోతే నేను వెళ్లినవన్నీ రెండు మూడు రాత్రుల ప్రయాణాలు, తిరిగి రాగానే బ్యాగ్‌ని గదిలో రెండు రోజులు పరిచి ఆరబెట్టేవాణ్ని. ఆ ఆరబెట్టడమే దాని ప్రాణమని అప్పట్లో నాకు తెలీదు.

మూడో శీతాకాలంలో 12 రాత్రుల ప్రయాణానికి ముగ్గురం బయల్దేరాం. సామానంతా స్లెడ్‌ల (మంచు మీద లాగే చక్రాల్లేని బండ్ల) మీద, పగలంతా మంచు మీద నడక. రాత్రి చలి మైనస్ 24కీ 27కీ మధ్య ఉంటుందని అంచనా. బ్యాగ్ మీద మైనస్ 28 ఉంది కదా అన్నది నా ధీమా. మొదటి మూడు రాత్రులు ఎప్పటిలాగే హాయిగా గడిచాయి. నాలుగో రోజు నుంచి మబ్బు కమ్మేసింది. ఎండ లేదు, మంచు పడుతూనే ఉంది, బ్యాగ్‌ని బయట పరిచే వీలే దొరకలేదు.

ఐదో రాత్రి పాదాల దగ్గర ఒక చోట చల్లగా తగిలింది. మేజోళ్లు తడిసి ఉంటాయనుకున్నాను. ఆరో రాత్రి భుజం దగ్గర. పొద్దున మూటకడుతుంటే బ్యాగ్ గరగరమంది. టెంట్‌లో పక్కనున్నవాడు ఆ చప్పుడు విని, "ఒరేయ్, నీ బ్యాగ్ ఎందుకింత గట్టిగా ఉంది?" అని అడిగాడు. పైన పట్టిన మంచు పొర అయి ఉంటుందని చెప్పి, ఇంకాస్త గట్టిగా నొక్కి మూటలోకి కుక్కాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నొక్కుడు నాకే బాధగా ఉంటుంది.

ఏడో రాత్రి బ్యాగ్ తీసి దులిపితే అది లేవలేదు. ఇంతకుముందు బానెడంత ఉబ్బేది తడి దుప్పటిలా చాపమీద పడి ఉంది. గుడ్డ మీద చేత్తో తడిమితే, నూగు నింపి కుట్టిన ఒక్కో గదిలో గోళీల్లాంటి మంచు ఉండలు వేళ్లకు తగిలాయి. ఉండకూ ఉండకూ మధ్య నూగే లేదు, రెండు పల్చటి గుడ్డలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఉన్న బట్టలన్నీ తొడుక్కుని లోపలికి దూరాను. ఒంటి వేడికి ఆ ఉండలు కాస్త కరిగాయి, కరిగిన నీరు లోపలి గుడ్డకు దిగింది. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చేసరికి దవడలు కొట్టుకుంటున్నాయి. పడుకునే పొట్ట బిగించి లేవబోయి దిగడం ఒక 30 సార్లు చేశాను. పది నిమిషాలు వేడి, మళ్లీ వణుకు. మూడోసారికి లేచే ఓపిక కూడా లేదు. ఆ వణుకు కూడా ఆగిపోతే అసలు ప్రమాదం మొదలైనట్టని నాకు తెలుసు. తెలిసి కూడా పక్కవాణ్ని లేపడానికి మొహమాటపడ్డాను.

చివరికి వాడే లేచాడు, నా పళ్ల చప్పుడుకి. ఏమీ అడగలేదు. స్టవ్ వెలిగించి మంచు కరిగించాడు, లీటరు సీసాలో వేడినీళ్లు పోసి, సీసాకు మేజోడు తొడిగి నా తొడల మధ్య పెట్టాడు. "నోట్లో పెట్టుకో, నమలకపోయినా పర్లేదు, మింగు" అంటూ కొవ్వు బాగా ఉన్న తిండి ఏదో ఇచ్చాడు. తర్వాత తన బ్యాగ్ జిప్పు పూర్తిగా విప్పి ఇద్దరి మీదా కప్పాడు. వాడిది సింథటిక్ బ్యాగ్, నాదానికన్నా 900 గ్రాముల బరువెక్కువ. బయల్దేరే ముందు ఆ బరువు చూసి నేను వాణ్ని వెక్కిరించాను. దానికీ ఏడు రాత్రుల తేమ పట్టింది. కానీ సింథటిక్ పీచు తడిసినా నూగులా ముద్దకట్టలేదు, ఉబ్బు చాలావరకు నిలబడింది. తెల్లారేదాకా ఇద్దరం దాని కిందే ఉన్నాం.

మర్నాడు ముందుకు వెళ్లాలన్న ఆలోచన వదిలేశాం. ఒక పగటి నడక దూరంలో పొయ్యి ఉన్న చెక్క గుడిసె ఉంటే అక్కడికి చేరాం. స్లెడ్ బరువులు చూసుకోవడానికి తెచ్చుకున్న చిన్న కొక్కెం త్రాసుకు బ్యాగ్ తగిలించి చూశాను. కొన్నప్పుడు 1,620 గ్రాములున్నది 2,540 చూపించింది. ఏడు రాత్రుల్లో 920 గ్రాముల నీరు! ఎక్కడి నుంచీ ఒలకలేదు, వాన పడలేదు. చాలావరకు నా ఒంట్లోంచి వచ్చిందే.

ఆ తర్వాత చదివితే లెక్క సరిపోయింది. మనకు చెమట పట్టినట్టు తెలియకపోయినా చర్మం, ఊపిరి కలిసి ఒక్క రాత్రిలో రెండు మూడు వందల గ్రాముల నీటిని ఆవిరిగా వదులుతాయి. ఒంటి దగ్గర 30 డిగ్రీలకు పైన, బయట మైనస్ 25 అనుకోండి. ఆ రెండింటి మధ్య నూగు మందంలో ఎక్కడో ఒకచోట సున్నా డిగ్రీలు వచ్చి తీరుతుంది. బయటికి పోతున్న ఆవిరిలో కొంత ఆ గీత దాటలేక అక్కడే మంచుగా ఆగిపోతుంది. మర్నాడు ఎండలో ఆరితే సరి. ఆరకపోతే రెండో రాత్రి మంచు మొదటి రాత్రి మంచు మీద చేరుతుంది. నూగు ముద్దకట్టి పల్చబడేకొద్దీ ఆ సున్నా గీత ఒంటికి ఇంకా దగ్గరవుతుంది. అందుకే పాడవడం మెల్లగా మొదలై చివర్లో ఒక్కసారిగా కూలినట్టు అనిపించింది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1911లో అంటార్కిటికా చలికాలపు చీకట్లో విల్సన్, బవర్స్, చెర్రీ-గరార్డ్ అనే ముగ్గురు ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం కేప్ క్రోజియర్‌కు వెళ్లొచ్చారు. ఐదు వారాల ప్రయాణం. వాళ్లవి రెయిన్‌డీర్ తోలు బ్యాగులు. చెర్రీ-గరార్డ్ బ్యాగ్ బయల్దేరేటప్పుడు 18 పౌన్లు, తిరిగొచ్చేసరికి 45 పౌన్లు. మన లెక్కలో 8 కిలోలు 20 కిలోలైంది. వంద ఏళ్ల కిందటే త్రాసు మీద తేలిన ఈ విషయం గురించి నా బ్యాగ్ లేబుల్ మీద ఒక్క వాక్యం కూడా లేదు.

ఇక ఆ మైనస్ 28 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. స్లీపింగ్ బ్యాగుల పరీక్షకు ఉన్న ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చలి గదిలో ఒక మనిషి ఆకారపు బొమ్మకు బట్టలు తొడిగి, కింద మ్యాట్ వేసి, బ్యాగ్‌లో పడుకోబెడతారు. బొమ్మను లోపల్నుంచి వేడి చేస్తూ, ఆ వేడి నిలబడటానికి ఎంత శక్తి పట్టిందో కొలుస్తారు. అందులోంచి లెక్కకట్టి ముఖ్యంగా మూడు అంకెలు తీస్తారు. కంఫర్ట్ అంటే సగటు స్త్రీ చలి అనిపించకుండా పడుకోగలిగేది. లిమిట్ అంటే సగటు పురుషుడు ముడుచుకుని 8 గంటలు నెట్టుకురాగలిగేది. ఎక్స్‌ట్రీమ్ అంటే 6 గంటల పాటు చలికి ప్రాణం పోకుండా ఉండేది మాత్రమే, అప్పుడు కూడా వేళ్లు మంచుకాటుకు పోవచ్చు. నా బ్యాగ్ మీద పెద్దగా వేసింది లిమిట్. మైనస్ 20 అనే కంఫర్ట్ అంకె కింద చిన్న అక్షరాల్లో ఉంది.

అయినా నా కోపం ఆ ఎనిమిది డిగ్రీల తేడా మీద కాదు. ఆ బొమ్మకు చెమట పట్టదు. అది ఊపిరి వదలదు. పగలంతా స్లెడ్ లాగి తడిసిన ఒంటితో వచ్చి పడుకోదు. ఏడో రాత్రి అదే బ్యాగ్‌లో మళ్లీ పడుకోదు. ఆ అంకె పొడిగా ఉన్న బ్యాగ్‌కు మొదటి రాత్రి అంకె. సైన్యానికీ, అతిశీతల ప్రాంతాల యాత్రలకూ చేసిన బ్యాగులు తన పరిధిలోకి రావని ఆ ప్రమాణమే చెప్పుకుంటుంది. తయారీదారు మాత్రం ఆ అంకె పక్కనే మంచు కొండ బొమ్మ వేశాడు.

నా తప్పులు కూడా చెప్పాలి, లేకపోతే ఇది న్యాయం కాదు. ముక్కు చల్లబడుతోందని రెండో రాత్రి నుంచి తల లోపలికి లాక్కుని బ్యాగ్‌లోకే ఊపిరి వదిలాను. తడి మేజోళ్లు, గ్లవ్స్ పొట్ట మీద పెట్టుకుని ఆరబెట్టుకున్నాను. అవి ఆరాయి నిజమే, వాటి నీళ్లన్నీ నూగులోకి వెళ్లాయి. పొద్దున లేవగానే బ్యాగ్ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే కాళ్ల వైపు నుంచి చుట్టుకుంటూ వచ్చి లోపలి తేమగాలిని నెట్టేయాలి. నేను చల్లబడేదాకా అలాగే వదిలేసి టీ తాగేవాణ్ని.

నాలుగో శీతాకాలం నుంచి వేపర్ బ్యారియర్ లైనర్ వాడుతున్నాను. ఆవిరి చొరబడని పల్చటి సంచి, 150 గ్రాములు. బ్యాగ్ లోపల, ఒంటికి దగ్గరగా ఉంటుంది. ఆవిరి దాన్ని దాటి నూగులోకి పోలేదు. మొదటి రాత్రి భరించలేకపోయాను. ఒళ్లంతా జిగటగా, ప్లాస్టిక్ కవర్లో పడుకున్నట్టే ఉంది. ఉబ్బు జాకెట్ తొడుక్కునే లోపలికి దూరాను, అది తడిసింది. మూడో రాత్రికి పద్ధతి పట్టుబడింది: లోపల పల్చటి సింథటిక్ బట్టలు ఒక్క జత చాలు, జాకెట్ కావాలంటే లైనర్‌కూ బ్యాగ్‌కూ మధ్య పరుచుకోవాలి, వేడెక్కుతున్నట్టు అనిపించగానే చెమట పట్టేదాకా ఆగకుండా మెడ దగ్గర తెరవాలి. చర్మం చుట్టూ తేమ నిండాక ఒళ్లు ఆవిరి వదలడం కూడా కొంత తగ్గుతుంది. ఎనిమిది రాత్రుల తర్వాత త్రాసుకు తగిలిస్తే 1,690 గ్రాములు. పెరిగింది 70 గ్రాములే! అంకె చూసి అక్కడే నిలబడి గట్టిగా అరిచాను. ఆ పొద్దున దులపగానే బ్యాగ్ మొదటి రోజులాగే ఉబ్బింది.

ఆ సంతోషం చూసి లైనర్ అందరూ వాడాల్సిందే అని కొన్నాళ్లు చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. మైనస్ 5, మైనస్ 8 లాంటి రాత్రుల్లో అది ఉత్త ఉక్కపోత, తీసి పక్కన పెట్టేశాను. వారం గడిచేసరికి లోపల వాసన. అన్నిటికన్నా కష్టం పొద్దున అందులోంచి బయటికి రావడం. ఒంటి మీది బట్టలు చెమ్మగా ఉంటాయి, టెంట్‌లో మైనస్ 20. పొడి చొక్కా చేతికందేలా ముందే పెట్టుకోకపోతే ఆ ఒక్క నిమిషంలో రాత్రంతా దాచుకున్న వేడి పోతుంది. మాలో మూడో అతను రెండు రాత్రులు వాడి వద్దన్నాడు. వాడు నూగు బ్యాగ్ పైన పల్చటి సింథటిక్ బ్యాగ్ తొడుగుతాడు. మంచు గట్టే గీత ఆ పై బ్యాగ్‌లోకి జరుగుతుంది, లోపలి నూగు చాలావరకు పొడిగా ఉంటుంది. బరువు ఎక్కువ, కానీ వాడికి నిద్ర పడుతోంది. వాడి పద్ధతి తప్పని నేననలేను.

మ్యాట్ సంగతి ఒక్క మాటలో: ఒంటి బరువుకి కింది నూగు అణిగిపోతుంది, కాబట్టి కింది నుంచి వచ్చే చలిని ఆపేది మ్యాటే. గాలి మ్యాట్ కింద ఒక ఫోమ్ మ్యాట్ కూడా వేస్తాను, గాలి మ్యాట్‌కు చిల్లు పడినా ఫోమ్ మిగులుతుంది. జిప్పు రెండుసార్లు గుడ్డను పట్టేసింది, చిరగలేదు. ఐదేళ్లలో మోకాళ్ల దగ్గర నూగు కాస్త పల్చబడింది, ఉతికి ఆరబెట్టాక కొంత తిరిగొచ్చింది.

కొనాలా వద్దా అని అడిగితే, నాకు చెమట ఎక్కువ, 72 కిలోల మనిషిని, పాదాలు త్వరగా చల్లబడతాయి. నాలాంటి వాళ్లు రెండు మూడు రాత్రులకైతే నిశ్చింతగా తీసుకోవచ్చు. పొడి చలి, పగలు ఎండ ఉన్న చోట ఇంకాస్త ఎక్కువ రోజులకు కూడా పనికొస్తుంది, మధ్యాహ్నం ఒక గంట తిరగేసి పరవగలిగితే. ఐదు రాత్రులు దాటి, మబ్బు ఉంటుందనుకుంటే మాత్రం ఒట్టి బ్యాగ్‌తో నేను వెళ్లను. మైనస్ 28ని నా మట్టుకు నేను మైనస్ 18గా లెక్కేసుకుంటున్నాను. మీ ఒంటికి అది ఇంకోలా ఉండొచ్చు, ఇంటి దగ్గర్లో ఒక చలి రాత్రి ఆరుబయట పడుకుని చూసుకోండి.

పోయిన నెల, ఆ రాత్రి నన్ను కాపాడినవాడే పది రాత్రుల ప్రయాణానికి ఈ బ్యాగ్ అడిగాడు. ఇస్తానన్నాను. లైనర్ కూడా మూటలోనే పెట్టి, పైన 1,620 అని రాసిన కాగితం అంటించాను. రోజూ పొద్దున త్రాసుకు తగిలించి చూడమన్నాను, 300 గ్రాములు పెరిగితే వెనక్కి తిరగమన్నాను.