నవోదయ మైగ్రేషన్: భయపడకుండా పిల్లల్ని పంపండి

మా అమ్మాయిది చిలకలూరిపేట దగ్గర మద్దిరాల నవోదయ, అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టల్ స్కూలు. తొమ్మిదో తరగతి మాత్రం మైగ్రేషన్ మీద మధ్యప్రదేశ్‌లో చదివి వచ్చింది. పంపాలా వద్దా అని గుంటూరులో తెలిసినవాళ్లు చాలామంది అడుగుతున్నారు. పంపండి, నా మాట అదే.

హిందీ మాట్లాడని ప్రాంతాల నవోదయలకు హిందీ ప్రాంతంలో ఒక జత స్కూలు ఉంటుంది. తొమ్మిదో తరగతిలో 30 శాతం పిల్లలు ఒక విద్యా సంవత్సరం అక్కడికి వెళ్తారు, అక్కడి పిల్లలు ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకుంటారు. ప్రయాణం, తిండి, హాస్టల్, పుస్తకాలు ఏదీ మన నెత్తిన పడదు. తొమ్మిదో తరగతి నుంచి వికాస్ నిధి అని నెలకు 600 రూపాయల ఫీజు కట్టాలి గానీ ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, పేద కుటుంబాలకు అదీ లేదు. మాకు తెలిసిన ఒక ప్రైవేటు హాస్టల్ స్కూల్లో రెండు మూడు రోజుల టూరుకే వేలల్లో కట్టించుకున్నారు, ఆ పిల్లలు చేసిందల్లా బస్సు దిగడం, ఫొటోలు తీసుకోవడం, మళ్లీ ఎక్కడం.

మొదట్లో మాత్రం కష్టమే. విజయవాడలో రైలెక్కి బల్హార్షా, నాగ్‌పూర్ దాటేదాకా కేరింతలే, అక్కడ దిగాక రోజూ రొట్టెలు, అర్థం కాని హిందీ, ఫోన్ దొరికినప్పుడల్లా "నాన్నా, వచ్చేస్తాను" అని ఏడుపు. వాళ్లమ్మ టెన్షన్ అంతా ఇంతా కాదు. దసరా నాటికి ఆ ఏడుపు ఆగిపోయింది, ఫోన్‌లో సగం మాటలు పక్క మంచం పిల్ల గురించే. గోంగూర పచ్చడి ఆ పిల్లే ఖాళీ చేసిందట!

మొన్న మిర్చి యార్డుకి తీసుకెళ్లాను. సరుకు కోసం వచ్చిన ఒక లారీ డ్రైవరు తూకం చీటీ పట్టుకుని, ఎవర్ని అడగాలో తెలియక నిలబడి ఉంటే మా అమ్మాయి నేరుగా వెళ్లి హిందీలో మాట్లాడి, చీటీ చదివి, ఆయన్ని ఆఫీసు గది దాకా తీసుకెళ్లింది. ఇంటికి చుట్టాలొస్తే గదిలోంచి బయటికి రాని పిల్ల ఇది. మార్కులు ఎన్ని వచ్చినా నాకు అంత సంతోషం ఉండేది కాదు.

ఒక్కటి మాత్రం మారాలి. వెళ్లేముందు పిల్లలకు మాట్లాడే హిందీ కొన్ని వారాలైనా నేర్పితే ఆ మొదటి నెలలు ఇంత బరువుగా ఉండవు. ఇంకా ఎక్కువమందికి ఈ అవకాశం ఇస్తే మరీ మంచిది.

ఐదో తరగతి పిల్లలున్నవాళ్లు నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టించండి. 80 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు. దరఖాస్తుకు రూపాయి కూడా అక్కర్లేదు, కనీసం 75 శాతం సీట్లు పల్లెటూరి పిల్లలకే. పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు కాబట్టి లెక్కలు ముందునుంచే చేయించండి. మైగ్రేషన్‌కి వెళ్లేటప్పుడు మందపాటి స్వెట్టర్లు రెండు, మంచి రగ్గు తప్పకుండా పెట్టండి, అక్కడి డిసెంబరు చలి మన గుంటూరు పిల్లలకు అలవాటు లేనిది.