వైన్ ఫ్రిజ్‌తో అనంతపురంలో ఐదు ఎండాకాలాలు

ఒక మే నెల పొద్దున బీరువా కింది అరలో చీమలు బారులు తీరి ఉంటే, ఏ బెల్లం ముక్కో పడిందనుకున్నా. వంగి చూస్తే అవి నా ఫ్రాన్స్ బోర్డో వైన్ సీసా మెడ చుట్టూ తిరుగుతున్నాయి. కార్క్ అర సెంటీమీటరు పైకి తన్నుకొచ్చి పైన ఉన్న రేకును ఉబ్బించింది, ఆ సందులోంచి కారిన వైన్ ఎండిపోయి జిగురు కట్టింది. దిగుమతి సుంకం 150 శాతం ఉన్న రోజుల్లో బెంగళూరులో కొన్న సీసా, పదేళ్లు దాచుకుందామని రెండు మనసుల మీద కొన్నది. ఆ రాత్రే తీశాం. ఎండు ద్రాక్షని ఉడకబెట్టి వడగట్టిన నీళ్లలా ఉంది.

దాని తప్పేం లేదు. వైన్ ఏళ్ల తరబడి నిలవుండాలంటే 12, 13 డిగ్రీల దగ్గర, వెలుతురు పడని చోట, కదలకుండా పడుకోవాలి. మా పై అంతస్తు గదిలో మే నెల రాత్రి పదింటికి కూడా 35 ఉంటుంది. వేడికి లోపలి ద్రవం వ్యాకోచించి కార్క్‌ని తోస్తుంది, చల్లబడ్డాక ఆ సందులోంచి గాలి లోపలికి పోతుంది, ఇక అయిపోయినట్టే.

అప్పుడు కొన్నాను మొదటి వైన్ ఫ్రిజ్. 12 సీసాలది, 14 వేలు. డిసెంబర్‌లో వచ్చింది, చప్పుడు లేదు, నీలం లైటు, 13 పెడితే 13 చూపించేది, నేనేమో ఇంటికొచ్చిన ప్రతివాడికీ తలుపు తీసి చూపించేవాణ్ణి. మార్చి ఆఖరుకి 18 అయింది. మేలో 24. పాడైందేమోనని ఫోన్ చేస్తే అవతలాయన చాలా మర్యాదగా "ఏసీ గదిలో పెట్టుకోండి సార్" అన్నాడు. అసలు సంగతి తర్వాత తెలిసింది: దాంట్లో కంప్రెసర్ ఉండదు, పెల్టియర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది, కరెంటు పారితే ఒక వైపు చల్లబడి ఇంకో వైపు వేడెక్కుతుంది. గది వేడి కంటే ఓ పది పదిహేను డిగ్రీలు తగ్గించగలదు, అంతకు మించి దాని వల్ల కాదు. ఊటీలో ఉండేవాళ్లకి భేషుగ్గా ఉంటుంది. వైన్ కోసం ఏసీ వేస్తానంటే మా అమ్మ, "దానికి చల్లగా పెట్టెనా, మనం మాత్రం ఉడికిపోవల్లా?" అనింది. న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడు ఆ పెట్టె అమ్మదే, మల్లెపూలు పెట్టుకుంటుంది, రెండో రోజుకి కూడా వాడవు.

రెండోది కంప్రెసర్ ఉన్నది, 24 సీసాలది, దాదాపు 40 వేలు పడింది. ఈ ఐదు ఎండాకాలాల కథ దీనిదే. ఈసారి కొనేముందు వెనక స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ చూశాను. ఎన్ అని ఉంటే 32 డిగ్రీల గది వరకే, ఎస్‌టీ అంటే 38, టీ అంటే 43 వరకు పనిచేసేలా చేసిందని అర్థం. మన సీమలో టీ లేకుండా కొనకండి. షాపులో అడిగితే తెల్లమొహం వేస్తారు, మీరే వంగి చదువుకోవాలి.

మేలో కూడా 13 నిలబెడుతుంది, అంతవరకు నూటికి నూరు మార్కులు. కాకపోతే డిస్‌ప్లేని నమ్మకండి. ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ముంచి లోపల రాత్రంతా ఉంచితే డిస్‌ప్లే 12 అంటుంటే నీళ్లు 14 ఉన్నాయి, అప్పటి నుంచి రెండు డిగ్రీలు తగ్గించి పెడుతున్నా. 24 సీసాలన్నది కూడా కాగితం మీద లెక్కే. నిటారు భుజాలున్న బోర్డో సీసాలైతే పడతాయి, షార్డొనే, పినో నువార్ లాంటి ద్రాక్షల వైన్లు వచ్చే లావు సీసాలు నాలుగు పెడితే పై అర జరగదు. మా ఇంట్లో 19 దాటలేదు. రాత్రిపూట కంప్రెసర్ ఆగేటప్పుడు ఒక కుదుపు కుదుపుతుంది, హాల్లో పడుకునేవాళ్లకి అలవాటు కావాలి. కరెంటు బిల్లు ఎండాకాలం నెలకి 30 యూనిట్ల దాకా పెరిగింది, చలికాలంలో అందులో సగం.

రెండో వేసవిలో లోపలి బోర్డు కాలిపోయింది. ఓల్టేజీ ఎక్కువతక్కువలు, నేను స్టెబిలైజర్ పెట్టలేదు, నా తప్పే. కానీ ఆ బోర్డు రావడానికి 23 రోజులు పట్టింది, అది వాళ్ల తప్పు. ఆ 23 రోజులు సీసాలన్నీ మామూలు ఫ్రిజ్‌లో, వంకాయల మధ్య. కొన్నాళ్లకైతే ఫరవాలేదు, నెలల తరబడి అయితే ఆ పొడిగాలికి కార్క్ ఎండిపోతుంది. స్టెబిలైజర్ మొదటి రోజే పెట్టండి, వెనక అరచెయ్యి పట్టేంత జాగా వదలండి, కాయిల్ మీద దుమ్ము నెలకోసారి బ్రష్షుతో దులపండి, మన దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు కదా. కరెంటు పోతే మాత్రం టెన్షన్ పడొద్దు. సీసాలు నిండుగా ఉంటే వాటి చల్లదనమే మూడు నాలుగు గంటలు కాపాడుతుంది, తలుపు తెరవకుండా ఉంటే చాలు.

అన్నిటికంటే పెద్ద గండం ఫ్రిజ్‌లో కాదు, కారు డిక్కీలో ఉంది. బెంగళూరు నుంచి వస్తూ దారిలో భోజనానికి గంటసేపు ఆగితే ఎండలో డిక్కీ పొయ్యి అవుతుంది. నేను ఐస్ ప్యాకులతో థర్మాకోల్ డబ్బా పెట్టుకొని సాయంత్రం బయల్దేరతా. రాష్ట్రం దాటించడానికి ఎక్సైజ్ రూల్స్ ఉన్నాయి, మారుతూ ఉంటాయి, ముందే కనుక్కోండి.

లోపల ఏం పెట్టాలన్నది ఇంకో గోల. స్క్రూ మూత ఉన్న తక్కువ ధర తెల్ల వైన్లు పెట్టి చోటు వృథా చేయకండి, అవి దాచడానికి కాదు, ఆ ఏడాదే తాగేయాలి. మన దేశపు ఎర్ర వైన్లలో దాస్తే బాగుపడతాయని నా నోటికి తెలిసినవి మూడు. నంది కొండల దగ్గర గ్రోవర్ వాళ్ల లా రిజర్వ్, మహారాష్ట్ర అక్లూజ్ నుంచి వచ్చే ఫ్రాటెల్లి సెట్టె, కొప్పళ జిల్లాలో పండే కృష్మా కాబెర్నె. కృష్మా వాళ్లు తెలుగువాళ్లే, చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు. బళ్లారి దాటి కాస్త పోతే వాళ్ల తోట, మనకున్న ఎండే వాళ్లకీ. ఒకే ఏడాది పంటతో చేసిన కృష్మా సీసాలు మూడు కొని, ఒకటి వెంటనే, ఒకటి రెండేళ్లకి, ఒకటి నాలుగేళ్లకి తీశాను. మొదటిది పచ్చి వక్క నమిలినట్టు నోరంతా పట్టేసింది. నాలుగేళ్లది అదేనా అనిపించింది, ఆ వగరు అడుగుకి దిగి, పైన కొత్త తోలు చెప్పుల వాసన లాంటిది, కాస్త పొగాకు, గ్లాసు ఖాళీ అయ్యాక కూడా వాసన చూస్తూ కూర్చున్నా. 40 వేలు ఎక్కడికి పోయాయో ఆ రోజు తెలిసింది.

ఎర్ర వైన్ గది వేడిలో తాగాలంటారు, ఆ గది మన గది కాదు, యూరప్ గది. 16, 17 డిగ్రీలు చాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన పావుగంటకే తాగడం మొదలుపెట్టండి, మన ఊళ్లో గ్లాసులోనే వేడెక్కిపోతుంది. నాటుకోడి పులుసు, సంగటితో మాత్రం దాచిన ఎర్రది తీయకండి, కారానికి ఆ వగరు తోడై నాలుక మండిపోతుంది. దానికి కాస్త తీపి తగిలే షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ చల్లగా ఉంటే చాలు. మంచి ఎర్రదానికి కారం తగ్గించి వేయించిన పొట్టేలు మాంసం, లేదా ఉత్త వేయించిన చెనిక్కాయలు.

ఆ నాలుగేళ్ల కృష్మా రోజున మా బావ కూడా ఉన్నాడు. ఒక గుక్క తాగి "ఏమప్పా ఇది, ఇంత సోడా పొయ్యి" అన్నాడు. పోశాను. ఆయన వాటా తగ్గితే నాకే మంచిది.